పూర్తి వాక్యాల ఐసిల్డా

ఐసిల్డా డేకర్స్ షార్ట్‌హ్యాండ్ వేగం గురించి చెబితే ఆవిడ ఊరు మాంటిగో బే దాటి ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నష్టం వాళ్లకే. ఒకసారి ఎన్నికల సభలో ఒక పెద్దమనిషి రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడాడు. ఆయన చెమట తుడుచుకుని కూర్చునేసరికి ఐసిల్డా ఉపన్యాసమంతా టైపు కొట్టి, ఆయన చెప్పబోయి మరిచిపోయిన రెండు వాగ్దానాలు కూడా చేర్చి చేతికిచ్చింది. తర్వాత నెరవేరినవి ఆ రెండేనట. ఆవిడ టైపు మిషను మోతకి పెరట్లో సీమపనస చెట్టు అదిరి కాయలు రాలేవి. వాటిని ఏరుకోవడానికి వచ్చినవాళ్లే మెల్లగా ఆవిడ నడిపే టైపు, షార్ట్‌హ్యాండు బడిలో చేరేవారని ఇరుగుపొరుగు చెప్పుకునేవారు.

ఆ బడి ఇరవై రెండేళ్లు నడిచింది. ఊళ్లో బ్యాంకుల్లో, హోటళ్లలో, కోర్టులో కూర్చుని ఉత్తరాలు రాసిన ఆడపిల్లల్లో సగం మంది ఆవిడ చేతి దెబ్బ తిన్నవాళ్లే. కామా తర్వాత ఖాళీ వదలకపోతే వేళ్ల మీద స్కేలు పడేది. కంప్యూటర్లు వచ్చాయి, బడి మూతపడింది. కొన్నాళ్లు ఒక వకీలు దగ్గర పనిచేసింది. ఆయన ముసలివాడై ఆఫీసుకు తాళం వేశాడు. చివరికి యాభై నాలుగేళ్ల వయసులో, విమానాశ్రయం దారిలో ఉన్న ఒక పెద్ద హాల్లో కుర్చీ దొరికింది. అక్కడ మూడొందల మంది ఏసీ చలికి స్వెట్టర్లు వేసుకుని, సముద్రం అవతల పరుపులు కొన్నవాళ్లతో రోజంతా టైపు చేస్తూ మాట్లాడతారు.

ఉద్యోగం మూడు నెలల పరీక్ష మీద ఇచ్చారు. మాట్లాడిన ప్రతివాడూ చివర్లో ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలు వేస్తాడు. మూడో నెల ఆఖరి శుక్రవారానికి ఆ వారపు సగటు నాలుగు ఉంటే కుర్చీ శాశ్వతం, లేకపోతే ఇంటికి. ఆ శుక్రవారానికి ఇంకా రెండు వారాలుందనగా ఐసిల్డా సగటు రెండున్నర.

పని చేతకాక కాదు. ఆ హాల్లో ఆవిడంత వేగంగా టైపు కొట్టేవాళ్లు లేరు. వచ్చిన చిక్కల్లా మర్యాదతోనే. మాంటిగో బేలో టాక్సీ ఎక్కేవాడు ముందు గుడ్ మార్నింగ్ అంటాడు, తర్వాతే కూర్చుంటాడు. అనకుండా ఎక్కినవాణ్ణి లోపలున్న నలుగురూ దిగేదాకా తినేసే చూపు చూస్తారు. ఆ అలవాటు ఐసిల్డాకి ఎముకల్లో ఉంది. తెర మీద కొత్త మనిషి రాగానే ఆవిడ, "గుడ్ మార్నింగ్ సర్. నా పేరు మిస్ డేకర్స్. మీకు ఏ విధంగా సాయపడగలను?" అని రాసి, అవతలివాడి పలకరింపు కోసం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

అవతల నుంచి వచ్చేది ఇదీ: "పర్పు రాలే. ఎక్డ??"

"మిస్ ఐసీ, వాడికి జవాబివ్వండి, తెర మీద గడియారం ఎర్రబడింది!" అంది పక్క కుర్చీ కెరీషా. ఆ పిల్లకి పాతికేళ్లు లేవు. ఒక చేత్తో ప్యాటీ తింటూ రెండో చేత్తో ముగ్గురిని సముదాయిస్తుంది.

"వాడింకా గుడ్ మార్నింగ్ అనలేదు."

"వాడు ఒహాయోలో ఉన్నాడు మిస్, టాక్సీలో కాదు."

"ఒహాయోలో తెల్లవారదా?"

ఈలోపు ఒహాయోవాడు మళ్లీ గీకాడు: "నువ్ రోబోవా?"

ఐసిల్డా, "లేదు సర్. నేను మనిషిని. మీ ఆర్డరు సంఖ్య దయచేసి తెలియజేస్తే వెంటనే వివరాలు చూసి చెబుతాను" అని రాసింది. ఒక్క అక్షరం తప్పు లేదు. వాడు, "రోబోలన్నీ అదే అంటయ్. మన్షి కావాలి" అని ఒకే ఒక్క చుక్క వేసి వెళ్లిపోయాడు.

పుండు మీద కారం ఏమిటంటే, ఆ కంపెనీకి నిజంగానే ఒక రోబో ఉంది. ముందు పలకరించేది అదే. "హే! ఏంటి సంగతి? ఎన్‌పీ, చూస్కుందాం" అని నో ప్రాబ్లమ్‌ని కూడా రెండక్షరాలకి కుదించి కుర్రకారులా వాగుతుంది. దానికి జనం నాలుగున్నర చుక్కలు వేసి, "థాంక్స్ బ్రో" అంటారు. మిషను మనిషిలా రాసి మెప్పు పొందుతోంది. మనిషి మనిషిలా రాస్తే మిషను అంటున్నారు. ఐసిల్డాకి అరికాలి మంట నెత్తికెక్కేది.

సోమవారం సూపర్‌వైజరు రొమేన్ టుల్లోక్ పిలిచాడు. ఇరవై ఆరేళ్లవాడు. వాళ్లమ్మ ఐసిల్డా బడిలోనే చదువుకుంది.

"మిస్ డేకర్స్, మీరు కొంచెం... వదులుగా రాయాలి."

"వదులుగా అంటే? బొత్తాలు విప్పుకునా?"

"అదీ... అవతలివాళ్లు ఎలా రాస్తే అలా. ఇదిగో, అందరూ వాడే పొట్టి మాటల జాబితా." రెండు కాగితాలు చేతిలో పెట్టాడు.

"మీ అమ్మ ఇలా రాసుంటే నా బడి గుమ్మం దాటేది కాదు."

"అందుకే మిస్, మా ఇంట్లో ఇప్పటికీ కిరాణా చీటీ కూడా 'భవదీయురాలు' అని ముగుస్తుంది. దయచేసి ఈ ఒక్కసారీ నా మాట వినండి."

వింది. ఇంటికి పట్టుకెళ్లి, పొయ్యి మీద బీన్స్ అన్నం ఉడుకుతుండగా జాబితా ముందేసుకుంది. చదివేకొద్దీ ఒళ్లు మండింది. పొట్టిగా రాయడం తప్పని కాదు. జీవితమంతా ఆవిడ నేర్పింది పొట్టిగా రాయడమే కదా! కాని షార్ట్‌హ్యాండుకి తల్లీ తండ్రీ ఉన్నారు. ఏ శబ్దానికి ఏ గీత, ఏది వదలాలి, ఏది వదలకూడదు అన్నీ లెక్కే. ఇక్కడ ఒక మాటకి మొదటి అక్షరం, ఒక మాటకి అంకె, ఇంకో మాటకి సగం తోక. దిక్కూ దివాణం లేదు. కుర్రవాళ్లు ఇల్లు సగం కట్టి వదిలేశారనుకుని, మిగతా సగం తానే కట్టడానికి పూనుకుంది. ఒకే ఒక్క నియమం పెట్టింది: అచ్చులన్నీ తీసేయాలి. ఎక్కడా మినహాయింపు లేదు.

మర్నాడు టెక్సాస్‌లో పరుపు కోసం ఎదురుచూస్తున్న ఒకావిడ తెర మీదికి వచ్చిన జవాబు, మన గుణింతాల్లో చెప్పాలంటే, ఇలా ఉంది: "మ పరప మగళవర వసతద. చతచక."

"??" అంది టెక్సాస్.

"చతచక," అని ధైర్యం చెప్పింది ఐసిల్డా.

"రోబోకి పక్షవాతమొచ్చింది," అని ఒక చుక్క.

కెరీషా నవ్వి నవ్వి నోట్లో ప్యాటీ కీబోర్డు మీద రాల్చింది. "మిస్ ఐసీ, చతచక అంటే ఏంటి? బూతా?"

"చింతించకు అని! నియమం ప్రకారం రాశాను."

"నియమం ఉంటే అది ఈ భాషే కాదు మిస్. దీన్ని నేర్చుకోరు, అందరితో పాటు పాడైపోతారంతే."

మధ్యాహ్నానికి ఆ మాట హాలంతా పాకింది. కాఫీ దగ్గర ఎవరు ఎదురైనా, "చతచక మిస్!" అనేవారు. సాయంత్రానికి రన్‌వే మీద దిగిన విమానం పైలటు కూడా అదే అన్నాడని చెప్పుకున్నారు. సగటు రెండుకి పడింది.

ఇక ఐసిల్డా పళ్లు బిగించింది. కెరీషా ఎలా చెబితే అలా రాసింది. గుడ్ మార్నింగ్ మానేసి "హే" అంది. చింతించకండి మానేసి "ఎన్‌పీ" అంది. అలాంటిదొకటి పంపిన ప్రతిసారీ లోపలి లంగాతో వీధిలోకొచ్చినట్టు చెవులు కాలేవి. ప్రార్థన అలవాటున్న మనిషి కాబట్టి పంపే ముందు ఒకసారి కళ్లు మూసుకునేది. చుక్కలు మాత్రం కుప్పతెప్పలుగా పడ్డాయి. సగటు మూడు, మూడున్నర. ఆఖరి శుక్రవారం మూడు గంటలకి తెర మీద అంకె నాలుగుకి వెంట్రుక వాసి దూరంలో నిలిచింది.

"ఇంకొక్కడు ఐదు చుక్కలు వేయాలి మిస్," అన్నాడు రొమేన్ కుర్చీ వెనక నిలబడి. "వేస్తే కుర్చీ మీదే."

ఆఖరివాడు వచ్చాడు. గాలి తీసి చుట్టి పంపిన పరుపు విప్పాడట, పొంగలేదట. "హే, ఎన్‌పీ!" అని మొదలుపెట్టి, కిటికీ తీయమంది, గది వెచ్చగా ఉంచమంది, ఒక రోజు ఆగమంది, మూలలు చేత్తో ఎలా తట్టాలో చెప్పింది. పదకొండు వరసలు.

వాడు, "క" అన్నాడు. ఓకే అని పూర్తిగా అనడానికి కూడా ఓపిక లేని ఒంటి అక్షరం.

ఒక రోజులో పొంగకపోతే కొత్తది ఎలా తెప్పించుకోవాలో ఐసిల్డా వివరించింది.

"క."

ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది.

"నువ్ అసల్ మన్షివేనా ఎల్ఓఎల్"

ఏం రాయాలో ఆవిడకి తెలుసు. "ఎల్ఓఎల్ అవును" అంటే చాలు. కెరీషా పక్క నుంచి వేళ్లతో సైగ చేస్తూనే ఉంది. కాని ఐసిల్డా చేతులు హాలంతా తలలు తిప్పి చూసేంత మోతతో కదిలాయి.

"అయ్యా, మీరు గుడ్ ఆఫ్టర్‌నూన్ అనకుండా నా గది తలుపు తోసుకుని వచ్చారు. అయినా మీ పరుపు గురించి పదకొండు వరసలు రాశాను. మీరు తిరిగి ఒక్క మాట ఇవ్వలేదు, ఒక అక్షరం విసిరారు. మా ఊళ్లో కుక్కని అదిలించడానికి కూడా అంతకన్నా ఎక్కువ మాట వాడతాం. నేను మనిషినే. నా పేరు ఐసిల్డా మేరియన్ డేకర్స్. మీరు మనిషేనా?"

 తెర మీద జవాబు వచ్చింది.

"ఓ. నిజం మన్షే. సారీ ఎల్ఓఎల్."

ఒక చుక్క.

"ఒప్పుకుని కూడా ఒకటే వేశాడు! వాడి పరుపు జన్మలో పొంగకూడదు!" అంది కెరీషా. రొమేన్ తన గాజు గదిలోకి వెళ్లిపోయాడు.

పావుగంటకి ఐసిల్డా ఫోను మోగింది. తీసి చూసింది. పది అడుగుల దూరంలో, గాజు అవతల కూర్చుని రొమేన్ పంపాడు: "హాయ్ మిస్ డి. ఈరోజ్ లాస్ట్ డే. సారీ. థాంక్స్ ఫర్ ఎవ్రీథింగ్ టీసీ." టేక్ కేర్ అనడానికి ఆ టీసీ. పక్కన ఏడుపు బొమ్మ ఒకటి.

ఆవిడ స్వెట్టరు సర్దుకుని లేచింది. గాజు తలుపు తట్టింది. రమ్మనేదాకా ఆగి లోపలికి వెళ్లింది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, రొమేన్."

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మిస్ డేకర్స్." వాడు లేచి నిలబడ్డాడు.

"నన్ను పనిలోంచి తీసేస్తున్నావని ఏడుపు బొమ్మ చెప్పింది. నువ్వు చెప్పు. నోటితో. పూర్తిగా."

"మిస్, మీరు... అంటే సగటు... రూల్ ప్రకారం..." వాక్యం మూడుసార్లు లేచి మూడుసార్లూ కూలింది. "నాకు చెప్పడం రావట్లేదు మిస్. నిజంగా. పైవాళ్లతో కూడా మాట్లాడాను."

"సరే. ఉత్తరం ఇవ్వు."

"ఉత్తరాలు ఇవ్వం మిస్. మెసేజే. ఉత్తరం ఎలా రాస్తారో కూడా నాకు..."

"జరుగు."

వాడు పక్కకి జరిగాడు. ఐసిల్డా వాడి కుర్చీలో కూర్చుని, వీపు నిటారుగా పెట్టి, తారీఖు కొట్టింది. తనని తాను పనిలోంచి తీసేసుకుంటూ మూడు పేరాలు రాసింది. మొదటి దాంట్లో కారణం. రెండో దాంట్లో, ఆమె పనిలో ఏ లోపమూ లేదనీ, టైపు వేగంలో ఈ హాల్లో ఆమెకి సాటి లేదనీ. మూడో దాంట్లో కృతజ్ఞతలు, ఒకసారే, అతి చేయకుండా. కామాల తర్వాత ఖాళీలు ఉన్నాయి. ప్రింటరు దగ్గరికి తనే వెళ్లి కాగితం తెచ్చి వాడి ముందు పెట్టింది.

రొమేన్ మొత్తం చదివాడు. కళ్లు తుడుచుకుని పెన్ను తీసి, కింద 'ఆర్. టి.' అని గీకాడు.

ఐసిల్డా కాగితం తిప్పి మళ్లీ వాడి వైపు తోసింది.

"పూర్తి పేరు," అంది.