నడుమ లేవొద్దు

పూర్తిగా చూడని ఒక పెళ్లి వీడియోకు 'చూశాను' అని సంతకం పెట్టాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసే డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగా వదిలేశాను. ఈ ఉదయం ఆఫీసులో పాత కంప్యూటరు వేడెక్కి లోపలి దుమ్ము కాలిన వాసన రాగానే చిట్యాలలోని ఆ ఇరుకు స్టూడియో, దాని యజమాని ఖాజా చాచా గుర్తొచ్చారు. వెంటనే కోపమూ వచ్చింది.

చాచా ఒకప్పుడు భువనగిరిలో సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేవారు. హాలు మూతపడ్డాక పెళ్లి వీడియోలకు దిగారు. ఆయనది ఒకటే నియమం. వీడియో ఇంటివాళ్లకు ఇచ్చే ముందు ఇద్దరు కూర్చుని ఆపకుండా చూడాలి. ఒక్కరు లేచినా మళ్లీ మొదటి నుంచే. ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాకే, అసలు చిత్రీకరణ ఉన్న కెమెరా కార్డులు చెరిపి ఇంకో పెళ్లికి పంపేవారు.

"మనకు రోజూ పెండ్లే బిడ్డా. వాళ్లకు ఒక్కటే," అనేవారు.

నేనక్కడ పనిచేసిన రోజుల్లో అలా చూడడానికి నాతో కూర్చునేది శ్రీనన్న. ఎడిటింగులో చేయి తిరిగినవాడే, మనసే ఒకచోట నిలవదు. హారన్ మోగితే లేస్తాడు. ఫోన్ వెలిగితే లేస్తాడు. ఒకసారి రోడ్డు దాటుతున్న మేకలను లెక్కపెట్టడానికి లేచాడు. ఆ రోజు రెండు గంటల పెళ్లిని మూడుసార్లు చూశాం. నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

"నడుమ లేస్తే ఏమైతది చాచా? పెండ్లిపిల్ల పారిపోతదా?" అనేవాడు శ్రీనన్న.

"నువ్వు పారిపోకుంటే చాలు. కూసో," అని చాచా మొదటికి తిప్పేవారు.

ఆయన కంటి ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న వారంలో ఒక పెళ్లి వీడియో తయారైంది. పెళ్లయిన ఇరవై రోజులకే పెళ్లికూతురి తండ్రి గుండె ఆగి పోయాడు. వీడియో కోసం తల్లి రోజూ ఫోన్ చేసేది. సరిగ్గా అప్పగింతల ముందు శ్రీనన్న ఎవరో పిలిచారని వీడియో ఆపి లేచాడు. తిరిగొచ్చి అప్పగింతలు దాటించి చివరికి జరిపాడు.

"అంత మంచిగనే ఉన్నది చెల్లె. గీ రోజుల్ల మొత్తం ఎవలు చూస్తరు? పెట్టు సంతకం."

మళ్లీ మొదటి నుంచి చూద్దామని అనాల్సింది. పెట్టాను. సాయంత్రానికి వీడియో ఆ ఇంటికి చేరింది, కార్డులు చెరిపేశారు.

రెండోనాడు ఆ తల్లి ఫోన్ చేసింది. "మా ఆయన బిడ్డను అప్పజెప్పింది ఏదమ్మా?"

తండ్రి కూతురి చేతులు పాలపళ్లెంలో ముంచి వియ్యంకులకు అప్పగించే చోట తెర నల్లబడింది. నిమిషం పైగా ఏమీ లేదు. మేం చూసినప్పుడు బాగానే ఉందని, తర్వాత ఫైలు చెడిపోయిందని శ్రీనన్న చాచాకు చెప్పాడు. నేను తలూపాను. కంటికి కట్టుతోనే చాచా బస్సెక్కి క్షమాపణ అడగడానికి ఆ తల్లి ఊరు వెళ్తుంటే, శ్రీనన్న ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వును నేటికీ క్షమించలేదు. నేను తలూపడాన్నీ క్షమించలేదు.

ఇప్పుడు నేను పనిచేసే చోట కుర్రకారు పెళ్లి వీడియోలను రెండింతల వేగంతో చూస్తారు. లేచి తలుపు మూసి, "మొదటి నుంచి," అంటాను.

చాచా ఆ నల్లతెర బయటపడిన నెలే స్టూడియో మూసి మహబూబ్‌నగర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడే పోయారు. ఆ తల్లి ఊరి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం స్టూడియో గడపలో చెప్పులు విప్పుతూ అన్నవే నాతో ఆయన చివరి మాటలు.

"కొట్లాడుతదనుకున్న. ఏమన్లే. నా ముంగటనే మల్ల మొత్తం చూసింది. నల్లగ ఉన్నంత సేపు గూడ కన్ను తిప్పలే, బిడ్డా."