చిలకల ముత్తయ్య తెచ్చుకున్న మైల

చిలకల ముత్తయ్య లిఫ్టు ఎక్కినవాళ్లను ఏ అంతస్తుకు పోవాలని అడగడు. ఇంటిపేరేమిటని అడుగుతాడు. బొంబాయిలో ఫాక్‌లాండ్ రోడ్ అవతల ఒక పాత ఆఫీసు బిల్డింగులో ఆయన లిఫ్ట్‌మన్. ఇనుప జాలీ తలుపు మూసుకున్నాక మనిషి ఎక్కడికీ పారిపోలేడు కాబట్టి జవాబు చెప్పక తప్పదు. దేశ్‌పాండే అంటే తల ఊపి ఊరుకుంటాడు. షేక్ అన్నా అంతే. ఎప్పుడో ఏడాదికొకసారి ఏ పుణ్యాత్ముడో "చిలకల" అన్నాడా, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. ఏ ఊరు, ఎవరి కొడుకు, తాత ఏం చేసేవాడు, అన్నీ తేలి "అయితే నువ్వు నాకు తమ్మునివి" అని తీర్పు వచ్చాకే మళ్లీ కదులుతుంది. ఈలోగా పై అంతస్తులో ఎవరైనా బెల్లు నొక్కీ నొక్కీ వేలు వాపు తెచ్చుకుంటే అది వాళ్ల ఖర్మ.

ముత్తయ్య ముత్తాత మహబూబ్‌నగర్ వైపు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చి కామాటిపురలో దిగబడ్డాడు. ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పడం మరచిపోయి చచ్చిపోయాడు. ఊళ్లో భూమి లేదు, ఇల్లు లేదు, ఒక ఫొటో అయినా లేదు. మిగిలింది ఇంటిపేరొక్కటే. దాన్ని ముత్తయ్య వాడినంత గట్టిగా ఇంకెవరూ వాడి ఉండరు. సికింద్రాబాద్‌లో చిలకలగూడ అని ఒక పేటే ఉందని తెలిసిన రోజు తానుండే వరసగదుల చాల్ మొత్తానికి పేడాలు పంచాడు. సినిమా అయిపోయి జనం లేచిపోతుంటే ఈయన కుర్చీ వదలడు. తెర మీద పైకి పాకే పేర్లలో చిలకలవాడు ఒక్కడైనా దొరక్కపోతాడా అని. ఒకసారి జనరేటర్ నడిపినవాడు దొరికాడు. ఆ సినిమా మళ్లీ రెండుసార్లు చూశాడు, కథ ఏమిటని అడిగితే మాత్రం చెప్పలేడు.

టీవీ సీరియల్లో చిలకల వైజయంతి అని ఒక గయ్యాళి అత్త ఉండేది. ఆమె కోడలి పాలగ్లాసులో విషం కలిపిన సాయంత్రం కూడా ముత్తయ్య ఆమె పక్షమే. పాపం ఆమెకేం కష్టమొచ్చిందో అన్నాడు. ఆ పూట ఆయన పెట్టిన చాయ్‌ని భార్య పెంటమ్మ ముట్టుకోలేదు.

గల్లీలో మరాఠీ పిల్లలు ఆయన్ని పోపట్ కాకా అంటారు. పోపట్ అంటే చిలక. బొంబాయిలో ఎవడైనా అడ్డంగా వెర్రివాడైతే వాడి పోపట్ అయిందని కూడా అంటారు. ముత్తయ్య మొదటి అర్థమే తీసుకుని పిల్లలకు చాక్లెట్లు కొనిచ్చేవాడు.

ఇలాంటి మనిషి లిఫ్టులోకి సిమెంటు సంచీతో సాయిలు ఎక్కాడు. నాలుగో అంతస్తు బాత్రూంలో టైల్స్ ఊడిపోతే వేయడానికి వచ్చిన మేస్త్రీ. ఫోరస్ రోడ్‌లో లేస్తున్న కొత్త బిల్డింగు దగ్గర రేకుల గదిలో ఉంటాడు. ఊరు మహబూబ్‌నగర్ పక్కన, ఇంటిపేరు చిలకల. ఆ రోజు లిఫ్టు ఎంతసేపు ఆగిందంటే, కరెంటు పోయిందనుకుని ఆఫీసువాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. సాయంత్రం సాయిలును ముత్తయ్య పెళ్లికొడుకును తిప్పినట్టు చాల్ గ్యాలరీ అంతా తిప్పాడు. ప్రతి గుమ్మం ముందూ ఆపి, మా తమ్ముడు అని చెప్పాడు. సాయిలుకు వాడి రక్తం, నాకు నా రక్తం అనుకోకండి, వాడికి ముల్లు గుచ్చుకుంటే నెత్తురు నాకొస్తది అన్నాడు. సాయిలు నవ్వి ఊరుకున్నాడు. పెంటమ్మ బోటికూర వడ్డించింది. ఇక ప్రతి ఆదివారం వచ్చి తిని పోయేవాడు.

అవి బోనాలు దగ్గరపడుతున్న రోజులు. కామాటిపుర బోనాల ఊరేగింపులో ఒళ్లంతా పసుపు పూసుకుని, గజ్జెలు కట్టి, కొరడా ఝళిపిస్తూ అమ్మవారి ముందు ఆడే పోతురాజు వేషం ఏళ్ల తరబడి గణేష్‌దే. గణేష్ ముత్తయ్య పక్కగది వాడు, బోనాల కమిటీకి పెద్ద. ఈసారి మోకాలు మొరాయించింది. జిమ్ముకు పోయి కండలు పెంచిన మేనల్లుడు హితేష్‌కు ఆ వేషం ఇప్పించాలని గణేష్ మనసు. కానీ ముత్తయ్య చడ్డీలు వేసుకునే వయసు నుంచి పోతురాజు వెనక వేపమండలు పట్టుకుని నడిచాడు. అరవై దగ్గరపడుతున్నాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. ఆ మాట ఆయన కమిటీలో ఒక్కొక్కరి ఇంటికీ పోయి చెప్పుకున్నాడు. చివరికి ముత్తయ్యే పోతురాజని తేల్చారు.

ఇక రోజూ సాయంత్రం గ్యాలరీలో సాధన. పొట్ట ఒక తాళానికి, కాళ్లు ఇంకో తాళానికి ఆడేవి. కొరడా విసిరినప్పుడల్లా ఎవరిదో ఒకరి ఆరేసిన చీర కింద గల్లీలో పడేది. అయినా ముఖంలో ఆ వెలుగు చూసి ఆడవాళ్లు తిట్టలేక, చీరలు లోపల ఆరేసుకున్నారు.

ఆదివారం ఊరేగింపు అనగా బుధవారం పొద్దున సాయిలు సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, మా పెద్దనాయన పోయిండు. ఫోనొచ్చింది. ఊరికి పోతున్న."

పెంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముత్తయ్య అతని భుజం నిమిరి, జాగ్రత్తగా పోయి రమ్మన్నాడు. సాయిలు మెట్లు దిగిపోయాడు. నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్న గణేష్ ఇదంతా విన్నాడు. తీరిగ్గా పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకుని వచ్చాడు.

"పాపం. అంటే ముత్తన్నా, నీకు గూడ పెద్దనాయనే అయితడు గదా?"

"అయితడు," అన్నాడు ముత్తయ్య. అప్పటికింకా గర్వంగానే ఉన్నాడు.

"మరి నీకు సూతకం వస్తది. పది దినాలు. గా మైలతోని అమ్మోరి ముంగట ఎట్ల ఆడుతవ్?"

ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉన్న పాలివాళ్లలో ఎవరు పోయినా మిగతావాళ్లందరికీ మైల. గడ్డం గీయకూడదు, దేవుణ్ణి ముట్టకూడదు. ఇది తెలియని మనిషి చాల్‌లో లేడు. ముత్తయ్య ఇన్నేళ్లూ పాలివాళ్లను పోగేశాడు కానీ, వాళ్లు చచ్చిపోతారన్న ఆలోచన ఆయనకు ఎన్నడూ రాలేదు.

దూరపు చుట్టం అని చూశాడు. ముల్లూ నెత్తురూ సంగతి గణేష్ గుర్తుచేశాడు. పోయినాయన ముఖమైనా తాను చూడలేదన్నాడు. మైలకు ముఖపరిచయం అక్కర్లేదన్నాడు గణేష్.

"అక్కడెక్కడ్నో తెలంగాణల పోతే మైల బార్డర్ దాటి వస్తదా?"

"అమ్మోరు దాటి రాలేదా?"

ముత్తయ్య చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా బస్సు ఎక్కే చోటికి పరుగెత్తాడు. సాయిలు కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. ముత్తయ్య కిటికీ ఊచ పట్టుకుని, ప్రయాణం గురించీ ఎండ గురించీ అడిగి, ఊరికే అడుగుతున్నట్టు గోత్రం అడిగాడు. సాయిలు ఆయన ముఖం చూసి సంగతంతా పట్టేశాడు.

"మనది ఒక్కటి కాదన్నా. మా తాత ఇల్లరికం పోయిండు. ఆ ఇంటిని చిలకలోళ్ల ఇల్లు అంటుండె, మాకు గదే పేరు పడ్డది. గోత్రం వేరే."

"నీకెప్పటిసంది తెల్సు?"

"మొదటి దినం సందే. వదిన మీ గోత్రం చెప్పింది గదా. నువ్వు గంత సంబురపడుతుంటే చెప్పబుద్ధి కాలె. బోటికూర గూడ మంచిగుండె." సాయిలు తల దించుకున్నాడు. "నువ్వు పోయి ఆడన్నా. గణేషన్నకు ఫోన్ల నేనే చెప్త."

ముత్తయ్య గుండెల మీంచి బండ దిగింది. అక్కడితో తిరిగి వచ్చేస్తే ఆదివారం పసుపు పూసుకునేవాడు. కానీ ఆయనకు ఉన్న జబ్బు ఊరుకోనివ్వదు కదా. పోయినాయన పేరేమిటని అడిగాడు.

"చిలకల నర్సప్ప. నీ సంగతి ఆయనకు చెప్పిన. బొంబాయిల మనోడొకడు లిఫ్టు నడుపుతడంటే, ఆ లిఫ్టు మనదే అనుకున్నడు. ఊరంత చెప్పుకున్నడు. మొన్న దవాఖానల డాక్టర్‌తోని గూడ అన్నడంట, మావోడు బొంబాయిల దినాం వందమందిని మీదికి పంపుతడని. డాక్టర్ జర భయపడ్డడు."

ముత్తయ్య నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. ఎక్కడో ఒక ఊళ్లో, ఎన్నడూ చూడని ముసలాయన, తాను ఇక్కడ చేసే పనే అక్కడ చేశాడు. పేరు విన్నాడు, మనోడే అన్నాడు, గోత్రం అడగలేదు. డ్రైవర్ ఇంజన్ ఆన్ చేశాడు.

"ఫోన్ చెయ్యకు," అన్నాడు ముత్తయ్య. "గణేష్‌కు ఏం చెప్పకు."

తిరిగి వచ్చి, హితేష్‌కు పసుపు కలపండి అని గణేష్‌కు చెప్పాడు. ఇంత తేలిగ్గా గెలుస్తానని గణేష్ అనుకోలేదు. పొద్దున్నుంచీ కూడగట్టుకున్న వాదనలన్నీ వృథా అయ్యాయి. పైగా జాలి కూడా వేసింది. దూరపోళ్లయితే మూడు దినాలు చాలంటారు, పంతులును అడుగుదామా అన్నాడు.

"దూరపోడని ఎవడన్నడు?" అన్నాడు ముత్తయ్య, కళ్లెర్ర చేసి.

గోత్రాలు వేరన్న సంగతి పెంటమ్మకు ఎప్పుడో తెలుసు. ఆదివారం ఆదివారం ఇంటికి ఒక మనిషి వస్తున్నాడు, చెడగొట్టడం ఎందుకని ఊరుకుంది. ఇప్పుడు గడ్డం గీసుకునే బ్లేడు తీసి అటక మీద పెట్టింది.

ఆదివారం డప్పులు మొదలయ్యాయి. నాలుగు రోజుల తెల్లగడ్డంతో ముత్తయ్య గ్యాలరీలో నిలబడ్డాడు. ముట్టుకోకూడదు కానీ పై నుంచి చూడొచ్చని తనే ఒక నియమం పెట్టుకున్నాడు. హితేష్ కొరడా మొదటి దెబ్బకే కేబుల్ వైరుకు చుట్టుకుంది. ఎడమకాలు, ముందు ఎడమకాలు అని ముత్తయ్య పై నుంచి అరుస్తుండగా ఫోను మోగింది. సాయిలు. బొంబాయి అన్నతో మాట్లాడాలని ఇంట్లో అందరూ అడుగుతున్నారట. ఒకరి తర్వాత ఒకరు ఫోను పట్టుకుని, బాగున్నావా అన్నా, బాగున్నావా మామా అన్నారు. చివరికి నర్సప్ప భార్య తీసుకుంది.

"ఎవరయ్యా నువ్వు?" అంది ముసలి గొంతు.

"నేను ముత్తయ్యను, పెద్దమ్మా. చిలకల ముత్తయ్యను."

ఆమె ఏడుపు మొదలుపెట్టింది. మధ్యలో ఏదో చెబుతోంది. సరిగ్గా అప్పుడే ఊరేగింపు చాల్ ముందుకొచ్చి డప్పులు మిన్నంటాయి, ఒక్క ముక్క వినబడటం లేదు. ముత్తయ్య గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు, కిటికీ కూడా మూశాడు. గోడ వైపు తిరిగి కూర్చుని, ఒక చెవి వేలితో మూసుకుని, "చెప్పు పెద్దమ్మా" అన్నాడు. బయట గజ్జెల చప్పుడులో హితేష్ మళ్లీ కుడికాలే ముందు వేశాడని తెలుస్తూనే ఉంది. అయినా లేవలేదు.