మోకాలెత్తు రేడియో బల్ల

మొన్న ఫోను బాగు చేయించుకుందామని జగిత్యాల బస్టాండు పక్క సందులో ఒక దుకాణం ముందు ఆగాను. దుకాణమాయన సోల్డరింగు కడ్డీని తీగకు ఆనించగానే సన్నటి తెల్లని పొగ లేచి, కాస్త గుగ్గిలంలా, కాస్త మాడిన బెల్లంలా ఉండే ఆ వాసన ముక్కుకు తగిలింది. వచ్చిన పని మర్చిపోయి అలాగే నిలబడ్డాను. చిన్నప్పుడు కోరుట్లలో మా ఇంట్లో ఆదివారం పొద్దు అంటే ఇదే వాసన. దానితోపాటు అమ్మ బీడీల తంబాకు ఘాటు, తడిపిన తునికాకు వాసన, పచ్చిపులుసు కోసం పొయ్యిలో కాలుతున్న మిరపకాయల కమురు, అన్నీ కలిసే వచ్చేవి, ఎందుకంటే మాకు ఉన్నదే ఒక్క పెద్ద గది.

నాయిన టీవీ మెకానిక్. పగలంతా తన దుకాణంలో ఊరివాళ్ల టీవీలు బాగుచేసి, ఇంటికొచ్చాక తన పిచ్చిలో తాను పడేవాడు. ఆ పిచ్చి పేరు హామ్ రేడియో. అది పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో కూర్చునే గాలిలో ఇంకో ఊళ్లో అలాంటి లైసెన్సే ఉన్న మనిషితో, అంటే ఇంకో హాముతో, మాట్లాడుకునే రేడియో. పాత సామాన్లు ఏరుకొచ్చి సెట్టు తానే కట్టుకున్నాడు గానీ, దాన్ని పెట్టడానికి చోటు లేక బియ్యం డ్రమ్ము మూత మీద పెట్టాడు. అదే మా స్టేషను. అమ్మ బియ్యం తీసినప్పుడల్లా నాయిన సెట్టును చంటిపిల్లలా ఎత్తుకుని, మళ్లీ మూత పడేదాకా నిలబడేవాడు. మా కప్పు మీద నుంచి పక్కింటి మునగచెట్టు దాకా కట్టిన ఏరియల్ తీగ మీద అమ్మ దర్జాగా బట్టలు ఆరేసేది. "గంత పొడుగు తీగ ఉత్తగనే ఉండాల్నా?" అనేది. తడి చీర పడ్డ రోజు అవతలి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించేది.

ఆ అవతలి గొంతు సిరిసిల్ల మామది. ఆయన మాకు చుట్టమేమీ కాడు. మరమగ్గాలు బాగుచేసే మనిషి, నాయినలాగే హాము, గాలిలో కలిసి గాలిలోనే బావ అయ్యాడు. ప్రతి ఆదివారం పొద్దున ఇద్దరూ వానల గురించి, కరెంటు కోతల గురించి, కొండగట్టు జాతరలో ఎవరి చెప్పులు పోయాయో దాని గురించి తీరిగ్గా మాట్లాడుకునేవారు. ఆయన మాటల వెనక మగ్గాలు టకటకమంటూ ఉండేవి. సిరిసిల్లను కళ్లతో చూడకముందే నేను చెవులతో చూశాను, ఆ చప్పుడంటే నాకు ప్రాణం.

ఒక ఏడు బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా అమ్మ తేల్చి చెప్పేసింది. "పండుగకు చుట్టాలు అస్తరు. మాటిమాటికి బియ్యం దియ్యాలె. గీ డబ్బాకు ఏదన్న జాగ జూడు, లేకుంటే దుకాణంకు పట్కపో." దుకాణానికి పోవడమంటే రేడియో మూగపోవడమే, అక్కడ పై ఇంటివాళ్లు ఏరియల్ తీగ కట్టనివ్వరు. ఇంట్లో ఉండాలంటే దానికంటూ ఒక బల్ల కావాలి. నాయిన దగ్గర ఏదో పాత పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి ఉండేది, అందులో ఒక దొర కుర్చీలో కూర్చుని ఉంటాడు, ఎదురుగా ఎత్తయిన బల్ల మీద సెట్లన్నీ వరసగా ఉంటాయి. నాయినకు అలాంటి బల్లే కావాలి. నన్ను వెంటబెట్టుకుని జగిత్యాల వెళ్లి దుకాణాలన్నీ తిరిగాడు. ఇనుప బల్ల ధర విని దాన్ని ప్రేమగా ఒకసారి నిమిరి బయటికొచ్చేశాడు. చవకగా దొరికిన ఆఫీసు బల్లేమో మా వాకిలిలో పట్టదు. చివరికి ఇద్దరం వేడివేడి మిర్చి బజ్జీలు తిని ఇంటికొచ్చాం.

పక్కింటి ఖాదర్ చాచా, ఆ మునగచెట్టు ఆయనదే, వడ్రంగం చేసేవాడు. కూల్చిన ఇంటి తలుపు రెక్క ఒకటి ఆయన దగ్గర పడి ఉంది. "నాలుగు కాళ్లు వెడితే బల్లయితది. పండుగకు నాకు సత్తుపిండి వంపుండ్రి, సాలు" అన్నాడు. టేపు పట్టుకుని వచ్చి, "ఎట్ల కూసుంటవో గట్ల కూసో అన్నా, కొలత దీస్కుంట" అన్నాడు. నాయిన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చున్నాడు. మా ఇంట్లో తిన్నా, బీడీలు చుట్టినా, సెట్టు విప్పినా నేల మీదే కదా, ఉన్న ఒక్క కుర్చీ వచ్చిపోయే పెద్దమనుషులకు. చాచా నాయిన మోచేతి ఎత్తు కొలుచుకున్నాడు. ఇద్దరూ చాయ్ తాగారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

బల్ల వచ్చింది. మోకాలెత్తే ఉంది.

"గిదేంది ఖాదర్ భాయ్?" అన్నాడు నాయిన.

"నువ్వు కూసున్న తీరుకే జేసిన గదా అన్నా!"

అమ్మ బీడీల చాట పక్కన పెట్టి మరీ కడుపు పట్టుకుని నవ్వింది. నాయిన కుర్చీ తెచ్చి వేసుకుని చూశాడు, కాలువలో నీళ్లు తాగే మనిషిలా వంగాల్సి వచ్చింది. అలిగి సెట్టును మళ్లీ డ్రమ్ము మీదే పెట్టాడు. సాయంత్రానికల్లా అమ్మ తన చాటను బల్ల మీదికి చేర్చింది. మోచేతులు ఆనుతున్నాయి, నడుము నొప్పి లేదు అంటూ అందరికీ చెప్పుకుంది. పండుగ వచ్చేసరికి వాడకట్టు ఆడవాళ్లంతా తంగేడు, బంతి, రంగులద్దిన గునుగు తెచ్చి ఆ బల్ల చుట్టూ కూర్చున్నారు, బతుకమ్మ పేర్చడానికి ఇంత అనువైన ఎత్తు ఎక్కడా లేదట! చుట్టాలకు బియ్యం తీయాలని డ్రమ్ము మీంచి దింపేసిన సెట్టును చేతుల్లో పెట్టుకుని నాయిన గది మధ్యలో నిలబడ్డాడు. ఆ రోజు ఆదివారం, సిరిసిల్ల మామ పిలిచే వేళ అవుతోంది. రేడియో ఇక ఇంట్లో ఉండదేమోనని నాకు ఏడుపొచ్చింది.

అమ్మ ఒకసారి నాయిన మొహం చూసి, మోచేత్తో పూలు పక్కకు జరిపి, "ఈడ వెట్టు" అంది.

నాయిన పెట్టాడు, పూల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మామ గొంతు వినపడగానే ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు, ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ చప్పట్లు కలిపారు. నాయిన గబుక్కున మైకు మీంచి వేలు తీసేశాడు. మైకు నొక్కితే గదిలో చప్పుడంతా గాలిలోకి పోతుంది, హామ్ రేడియోలో పాట పోకూడదు, లైసెన్సు లేని గొంతు పోకూడదు. "ఓ అక్కలూ, చెల్లెండ్లూ! నేను మైకు నొక్కేటప్పుడు సప్పుడు జేయకుండ్రి! పాట గాలిల వోయిందంటే లైసెన్సు గుంజుకుంటరు!" అని బతిమాలాడు. పాట ఆగింది. పువ్వు పట్టిన చేతులు పట్టినట్టే ఆగిపోయాయి.

"ఏడ వెట్టినవు బావా సెట్టు ఇయ్యాల?" అడిగాడు మామ.

నాయిన చుట్టూ చూసి మైకు నొక్కాడు. "కిందనే బావా. అందరి నడుమ."

మైకు వదిలాక గానీ ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి రేడియోను దుకాణానికి పంపే మాటే రాలేదు.

తర్వాత ఎన్నో ఏళ్లు ఆ బల్లకు ఒక పక్క నాయిన, ఎదురుగా అమ్మ బీడీల చాట, మూడో పక్క నా పుస్తకాలు. ఎత్తు బల్లయితే నేను నాయిన వీపు చూస్తూ పెరిగేదాన్ని, ఇది పొట్టిది కాబట్టి ముఖం చూస్తూ పెరిగాను. ఇప్పుడు ఆ తలుపు రెక్క చెదలు పట్టి పోయింది. మునగచెట్టు పోయి గోడ వచ్చింది. అమ్మ బీడీలు మానేసింది. సిరిసిల్ల మామ ఎప్పుడో గానీ పలకడు. మా ఇంట్లో నేల మీద కూర్చుని లేవగలిగే మోకాళ్లు ఇప్పుడు ఎవరికీ లేవు. పోయినేడు మేడ మీద నాయినకు ప్రత్యేకంగా గది వేయించి, బొమ్మలో ఉన్నట్టే ఎత్తు బల్ల, తిరిగే కుర్చీ కొనిచ్చాను. మురిసిపోయాడు. కానీ పైకి వెళ్లిన కాసేపటికే కిందికి వచ్చేస్తున్నాడు.

"బల్ల బాగలేదా?" అని అడిగాను మొన్న.

"బల్ల మంచిగనే ఉన్నది బిడ్డా. గని సప్పుడు జేయకుండ్రి అందామంటే ఆడ ఎవ్వలున్నరు?"

మంచం మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చాటను చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

"నేనస్త పా. నువ్వు సప్పుడు జేయకు అను, నేను జేస్త."