పడుకోబెట్టిన యాంటెన్నా

మొన్న మా అల్లుడు అట్టపెట్టెలోంచి రెండు వాకీటాకీలు తీసి మా భోజనాల బల్ల మీద పెట్టి, ఫోన్లు మూగబోయిన రోజున వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఇవే దిక్కనీ, మేడ మీద మంచి యాంటెన్నా ఒకటి పెట్టుకుంటే నాలుగు వీధులేమిటి, నాలుగు కిలోమీటర్లయినా మాట్లాడుకోవచ్చనీ అరగంటసేపు నాకు పాఠం చెప్పాడు. ఒక వీడియో చూసినవాడు ఇంజనీరు, రెండు చూసినవాడు ప్రొఫెసరు అయిపోయే రోజులివి కాబట్టి నేను తలాడిస్తూ విన్నాను. చివర్న యాంటెన్నా ఎక్కడ పెడదాం మామయ్యా అని అడిగినప్పుడు మాత్రం, ఎక్కడైనా పెట్టుకో గానీ నిలబెట్టు, పడుకోబెట్టకు అన్నాను. అంత విసురుగా ఎందుకన్నానో అతనికి అర్థం కాలేదు. ట్రంకుకాల్ బుక్ చేసి పొద్దంతా పోస్టాఫీసు బల్ల మీద కూర్చున్న నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని మీతో చెప్పుకుంటున్నాను.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. ఐదో తరగతితో బడి మాని పొలం పనికి పోయింది, ఆమె తెచ్చిన కూలితో నేను చదువుకుని సైన్సు టీచరునయ్యాను. శంషాబాద్ చుట్టుపక్కల భూములు కొన్ని విమానాశ్రయం కిందా, కొన్ని ప్లాట్ల కిందా పోయినా, గుట్ట వెనకాల పల్లంలో అక్కావాళ్లకు రెండెకరాలు మిగిలాయి. బండరాళ్ల నేల కాబట్టి ఎవరూ కన్నెత్తి చూడలేదు, అంతే. మా బావ మాత్రం అదంతా తన ముందుచూపని ఇప్పటికీ చెప్పుకుంటాడు. కాలు జారి పడ్డా అక్కడ కూర్చోవాలనే కూర్చున్నానని చెప్పగలిగే మనిషి ఆయన. ఇల్లు ఆ పొలంలోనే కట్టుకున్నారు. కూతుర్ని షాద్‌నగర్ ఇచ్చి పెళ్లి చేశాక, బావ ఆ వయసులోనూ రావిర్యాల వైపు కార్ఖానాకు పొద్దున్నే డ్యూటీకి పోతే, మళ్లీ చీకటి పడేదాకా అక్క ఒక్కతే ఉండేది.

ఆమెకు దమ్ము రోగం. చలిగాలి తగిలినా, పొట్టు లేచినా ఊపిరి అందేది కాదు. తల మీంచి నిమిషానికో విమానం ఏ దేశానికో పోతుండేది గానీ, కింద ఆ పల్లంలో సెల్‌ఫోనుకు ఒక్క గీత వచ్చేది కాదు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య రెండు కిలోమీటర్లుంటాయేమో. ఆ రెండు కిలోమీటర్లు దాటి ఆమె పిలుపు ఎవరికైనా అందాలన్నదే మా ముందున్న సమస్య. ఇది పదేళ్ల పైమాట, నేను అప్పుడే రిటైరయ్యాను.

లైసెన్సు అక్కర్లేని చిన్నరకం వాకీటాకీ సెట్లు రెండు తెచ్చాం. అక్క ఒకటి రొంటిన దోపుకునేది, ఇంకొకటి మా ఇంట్లో ఉండేది. గుట్ట అడ్డం రావడంతో గరగర తప్ప ఏమీ వినిపించలేదు. అమ్మినవాణ్ణి అడిగితే మేడ మీద యాంటెన్నా పెట్టమని ఆరడుగుల కట్టె లాంటిదీ, దాని కేబులూ అంటగట్టి, ఎట్లా పెట్టాలో మాత్రం చెప్పకుండా పంపించాడు. దాన్ని నేనూ బావా కలిసి మా రెండంతస్తుల మేడ మీదికి మోశాం. నేను నిలబెట్టబోతుంటే బావ నా చెయ్యి పట్టుకుని, ఆకాశంలోకి ఒకసారి చూసి, పైనుంచి వచ్చే విమానానికి గీ కట్టె తట్టుకుంటే ఏంది పరిస్థితి, పోలీసోళ్లొచ్చి ఇద్దర్నీ పట్కపోతరు బామ్మర్దీ అన్నాడు. పక్కనే మా నీళ్లట్యాంకు ఆ కట్టె కంటే రెండడుగులు ఎత్తున ఉంది. అటు పక్కింటివాళ్ల ట్యాంకు దానికంటే ఎత్తు. విమానం వాటన్నిటినీ తప్పించుకుని వచ్చి ఈ కట్టెకే కొట్టుకుంటుందని ఆయన భయం. విమానాశ్రయం పక్కన బతికేవాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఉండేది, చెట్టు కొమ్మ కాస్త పెరిగినా ఎవరో పెద్దమనిషి వచ్చి నోటీసులొస్తాయని చెప్పి పోయేవాడు. ఎవరూ ఏ నోటీసూ చూసినట్టు మాత్రం నాకు తెలియదు.

బావది భయమనుకోండి. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద తరంగాల బొమ్మలు గీసి, పిల్లల చేత గీయించి, గీయలేనివాళ్ల చెవులు మెలిపెట్టిన నా బుద్ధి ఏమైందని మీరు అడగాలి. నేను కూడా సరేనని, ఆ యాంటెన్నాను పిట్టగోడ వెంబడి చక్కగా పడుకోబెట్టి, బట్టలారేసే తాడుతో రెండు చోట్ల కట్టి, కిందికి దిగి టీ తాగాను.

అక్కడినుంచి మా బావ ప్రయోగాలు మొదలయ్యాయి. మాట వినిపించకపోతే తప్పు యాంటెన్నాది కాదు, అక్కది. వాకిట్లోకి వచ్చి నిలబడమన్నాడు. విమానాశ్రయం వైపు తిరగమన్నాడు. సెట్టును తలకంటే ఎత్తున పట్టుకుని గట్టిగా మాట్లాడమన్నాడు. ఊపిరాడని మనిషి చెయ్యి పైకెత్తి అరవాలట! ఆమె పాపం అదీ చేసింది. మా ఇంట్లో మాకు ఒక మాట వస్తే నాలుగు మాటలు పోయేవి, ఆ పోయిన నాలుగింటికీ ఆమెదే బాధ్యత అన్నట్టు మేము విసుక్కునేవాళ్లం.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి మా ఇంట్లో అందరం అన్నాలు తింటున్నప్పుడు అక్క మెల్లగా ఒక మాట చెప్పింది.

“తమ్మీ, నిలవడి మాట్లాడితే నీ మాట నాకు వస్తలేదు. మంచంల పండుకోని, సెట్టు గూడ దిండు మీద పండవెట్టి మాట్లాడితే బరాబర్ వినవడ్తుంది. మూడు దినాల సంది చూస్తున్న.”

బావ కంచం ముందు నుంచి లేవబోయేంతగా నవ్వాడు. “సెట్టుకు గూడ నడుం నొస్తుందేమో, జర కాళ్లు గూడ వొత్తు,” అన్నాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆయన ఆపేశాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను, ఎందుకంటే సైన్సు తెలిసినవాణ్ణి కదా, ఆ మాటలోని అజ్ఞానం ఆయనకంటే నాకే బాగా కనిపించింది. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. అక్క తలొంచుకుని పెరుగన్నం కలుపుకుంది.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమెకు దమ్ము తిరగబడింది. మా బావ నేర్పినట్టే వాకిట్లో నిలబడి, చెయ్యెత్తి పిలిచిందట. మా ఇంట్లో గరగర వచ్చింది, రోజూ వచ్చేదే అని మేము పట్టించుకోలేదు. కాసేపటికి ఆమె నిలబడలేక అరుగు మీద ఒరిగిపోయి, సెట్టును నేల మీద అడ్డంగా పెట్టి నోరు దాని దగ్గర పెట్టింది. పక్క గదిలోంచి పిలిచినంత స్పష్టంగా తమ్మీ అన్న మాట వినిపించి, మా ఆవిడ చేతిలో పళ్లెం కింద పడేసి నన్ను లేపింది. ఆటో పట్టుకుని పోయి ఆమెను దవాఖానకు చేర్చాం. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు.

మా సంఘంలో ఇలాంటి గండం గడిచాక ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. మామూలుగా గండం ఎవరికి వచ్చిందో వాళ్లే చెబుతారు. మా బావ అక్కను లేవనివ్వలేదు, దమ్ము మనిషి ఎక్కువ మాట్లాడకూడదని తనే ముందుకు పోయి మైకు అందుకున్నాడు. మొదట దేవునికి స్తోత్రం చెప్పాడు. తర్వాత యాంటెన్నా గురించి చెప్పాడు. విమానాలకు ఇబ్బంది లేకుండా దాన్ని ఎట్లా అడ్డంగా కట్టాలో ప్రభువే తనకు ఆలోచన ఇచ్చాడని, ఆ ఆలోచనే తన భార్యను బతికించిందని చెబుతుంటే, ముందు వరసల్లోవాళ్లు ఆమేన్ అన్నారు. పాస్టరుగారు బావ భుజం తట్టారు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న అక్క చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. అంతటి బుద్ధితక్కువ సాక్ష్యం నేను మళ్లీ వినలేదు. దేవుడి నోట్లో మాటలు పెట్టడానికి మనుషులకు ఎంత ధైర్యం!

ఆ సాయంత్రం నాకు కాలు నిలవలేదు. అక్క చెప్పిన మాట తలలో తిరుగుతూనే ఉంది. మరునాడు బావ కార్ఖానాకు పోయాక, అక్కను సెట్టు నిలువుగా పట్టుకుని ఒకసారి, అడ్డంగా పట్టుకుని ఒకసారి మాట్లాడమన్నాను. అడ్డంగా పట్టుకున్నప్పుడే మాట వచ్చింది. నా యాంటెన్నా పడుకుని ఉంది కాబట్టి ఆమె సెట్టూ పడుకోవాలి, అది నిలబడితే ఇదీ నిలబడాలి, అంతే విషయం. పదో తరగతి పిల్లలకు చెప్పగలిగినంత చిన్న విషయం. మేడెక్కి తాళ్లు విప్పి, కట్టెను ట్యాంకు పక్కన నిలబెట్టి బిగించాను. ఏ విమానమూ వచ్చి కొట్టుకోలేదు. అక్క గొంతు వంటింట్లోంచి, పశువుల కొట్టంలోంచి, బావి దగ్గర్నుంచి ఎక్కడ నిలబడి మాట్లాడినా గలగలా వచ్చింది.

ఆ సంగతి కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నేనే కనిపెట్టానని చెప్పాను. బావకు నల్లబల్ల మీద గీసినట్టు కాగితం మీద గీసి మరీ చూపించాను. నువ్వు చెప్పిందే నిజమక్కా అని చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు. కట్టె నిలబెట్టాను, ఇక నిలబడే మాట్లాడు అని ఆర్డరు వేసినట్టు చెప్పి ఊరుకున్నాను.

తర్వాత అక్క రోజుకు పదిసార్లు పిలిచేది. కోడి పొదిగిందని, మొగులు పట్టిందని, గుట్ట మీద నెమలి కనిపించిందని, ఏం కూర అని. ఏళ్ల తరబడి పగలంతా మనిషి గొంతు వినని మనిషికి అదొక పండుగ. మా ఆవిడ ఓపిగ్గా జవాబిచ్చేది. మా అమ్మాయి పురుడుకని మా ఆవిడ అప్పట్లో వాళ్లున్న ఊరికి వెళ్లాక సెట్టు నా వంతయింది. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు “తమ్మీ, ఉన్నవా?” అని వినిపించేసరికి నాకు ఒళ్లు మండేది. ఒక రోజు సెట్టు మీది మర తిప్పి దాని గొంతు తగ్గించాను. మర్నాడు పూర్తిగా తగ్గించాను. ఆ తర్వాత పెంచడం మరిచిపోయానని అందరికీ చెప్పాను, మరిచిపోలేదు.

నాలుగో రోజు బావ, కార్ఖానాలో కరెంటు పోయిందని, పెందరాళే ఇంటికి వచ్చేసరికి అక్క నేల మీద ఉంది. సెట్టు ఆమె చెంప కింద అడ్డంగా ఉంది. నిలబడి పిలిచి, నేను పలకకపోతే, పడుకుని పిలిచింది. ఆ ఒక్క రోజు మా బావ తొందరగా రాకపోయి ఉంటే ఈ మాటలు నేను మీకు చెప్పే ముఖం ఉండేది కాదు. ఆయన జన్మలో చేసిన ఒకే ఒక్క సరైన పని అది, అది కూడా ఆయన ప్రమేయం లేకుండా జరిగింది.

దవాఖాన నుంచి ఆమెను మా ఇంటికే తెచ్చాం. గేటు దగ్గర ఆటో దిగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటూ అడిగింది.

“కట్టెను మల్ల పండవెట్టినవా తమ్మీ? గందుకే వినొస్తలేదనుకున్న.”

అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. తప్పు నా మీదికి రాకుండా చేయడానికి ఆమె వెతుక్కున్న దారి అది. నేను ఆ దారిలోనే పోయాను. “అవునక్కా, మొన్న గాలికి పడిపోయింది, ఇంకా లేపలేదు,” అన్నాను. ఆమె తలెత్తి మేడ మీదికి చూసింది. ట్యాంకు పక్కన యాంటెన్నా నిటారుగా నిలబడి ఉంది. “మంచిది,” అని లోపలికి నడిచింది.

వారం తర్వాత తన ఇంటికి పోయి, సెట్టును శుభ్రంగా తుడిచి, పాత తువాలులో చుట్టి బావ చేత నాకు పంపించింది. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు గుట్ట మీద సెల్ టవరు వచ్చింది. అక్కావాళ్ల పల్లంలో కూడా ఫోనుకు గీతలన్నీ నిండుగా ఉంటాయి. మా కుటుంబానికంతా ఒక గ్రూపు ఉంది, అందులో బావ పొద్దున్నే పువ్వుల బొమ్మలతో వాక్యాలు పెడతాడు, నలభై మంది చేతులు జోడిస్తారు, ఎవరూ ఎవరినీ ఏం కూర అని అడగరు. ఇంతమందికి ఇంత సౌకర్యం ఇచ్చి ఏం లాభమో నాకు తెలియదు. అక్క తనంతట తను నాకు ఫోను చేయదు. రోజూ మధ్యాహ్నం నేనే చేస్తాను. మొదటి రింగుకే ఎత్తి, మంచిగున్న తమ్మీ అంటుంది. ఆ మాట వెనక ఈల వేసినట్టు ఊపిరి వినిపిస్తుందేమోనని ఫోను చెవికి అదుముకుని వింటాను. ఏమీ వినిపించదు. మాట అయిపోగానే ఆమె ఫోనును నోటికి దూరంగా జరుపుతుందని మొన్న అక్క ఇంటికి పోయివచ్చిన మా ఆవిడ చెప్పింది.