ఎర్రగుడ్డ కట్టిన అప్పడాల కర్ర

కువైట్‌లో రైలు లేదు. అయినా నేను నేర్చిన రైలు బుద్ధే అక్కడ మా కొంప ముంచింది.

కడప వైపు ఒక చిన్న స్టేషన్లో కొన్నాళ్ళు కూలికి, బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకు మళ్ళించే పాయింట్లు మార్చాను. స్టేషన్ల మధ్య ఒకటే లైను. మాస్టరు దగ్గర టోకెన్ అందుకున్న డ్రైవరే బండి కదిలించాలి. అది లేనిదే ఎంత మొనగాడైనా సిగ్నల్ దగ్గర పడుండాల్సిందే.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన కొన్ని వారాలకు, మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేటలో ఒక గోడౌన్ ఆవరణలో మనవాళ్ళం మూటాముల్లెలతో పోగయ్యాం. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే విమానం దొరుకుతుందని ఆశ. రెండు బస్సులు వచ్చాయి. ఒకటి పఠాన్‌ది, ఒకటి సిరియావాడిది. లోపలికి గేటు ఒకటే. నేను ముందంటే నేను ముందని ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. ఆ కేకలకు సైనికులు వస్తే అందరికీ ఖలాస్.

నాకు ఒళ్ళు మండింది. మా వంటసామాన్ల మూటలోంచి అప్పడాల కర్ర లాగి, ఎర్రగుడ్డ కట్టి, వాళ్ళ మధ్య నిలబడ్డాను. ఈ కర్ర ఎవరి చేతిలో ఉంటే వాడే జనాన్ని ఎక్కించుకోవాలి, జనంతో గేటు దాటి బయటికి పోయేటప్పుడు నాకు తిరిగివ్వాలి అని వచ్చీరాని హిందీలో చెప్పాను. ముందొచ్చింది పఠాన్ కనుక మొదటి వంతు అతనిది. ఇద్దరూ ఒప్పుకున్నారు. అబ్బో, అప్పుడు నేనే పెద్ద స్టేషన్ మాస్టర్ని!

మొదటి వంతులో పిల్లల తల్లులు, జబ్బు మనుషులు పోవాలని అందరం ముందే అనుకున్నాం. వాళ్ళలో మా అన్న ఉన్నాడు. చక్కెర జబ్బు. సూదిమందు మూడు రోజులకే మిగిలింది.

అన్న పఠాన్ బస్సు చుట్టూ తిరిగొచ్చాడు.

"రేయ్, దీని టైర్లు చూడరా, నున్నగా అయిపోయినాయి. ఇంజను కింద నీళ్ళు కారతాండాయి. ఆ సిరియా బండి కొత్తది. దాన్ని ముందు రానీరా."

"వరస తప్పితే మళ్ళా కొట్టుకుంటారన్నా. ఇంగ నా మాట యెవురింటారు?"

అన్న నవ్వాడు. "సరేలేప్పా మాస్టరూ" అని ఎక్కి కూర్చున్నాడు.

ఆ బస్సు మూడో రోజు ఎడారిలో ఆగిపోయింది. వెనకొచ్చిన సిరియా బస్సు కిక్కిరిసి ఉందని నిలపలేదట. రెండు రోజులు నీడ లేకుండా పడున్నారు. మందు అయిపోయి, అన్న తెలివి తప్పి, మళ్ళీ లేవలేదు. రోడ్డు పక్కనే పూడ్చారు. తర్వాత దొరికిన ఇంకో బస్సులో నేను జోర్డాన్ చేరాక, ఆ బస్సులోని ఒక పిల్లల తల్లి ఏడుస్తూ చెప్పింది.

మా స్టేషన్లో గూడ్సు ముందొచ్చినా, మాస్టరు దాన్ని పక్కనున్న లూప్ లైన్లో ఆపి, మెయిలును ముందు పంపేవాడు. ఆ పాయింటు మార్చింది ఎవరనుకున్నారు? నేనే! గోడౌన్ గోడ పక్కన బస్సు పట్టేంత చోటుంది. పఠాన్ గడ్డం పట్టుకొని బతిమాలి, పది నిమిషాలు అక్కడ నిలపమంటే సరిపోయేది. దిక్కుమాలిన నా బుర్రకు టోకెన్ గుర్తొచ్చింది గానీ అది గుర్తు రాలేదు.

ఊళ్ళో వదిన మూట విప్పుతూ ఆ కర్ర పైకి తీసింది. మేం కువైట్ పోయేటప్పుడు ఆమె పెట్టిచ్చిందే.

"దీనికి ఈ గుడ్డ యెందుకు కట్నారు?"

చెప్పాను. ఏదీ దాచలేదు. ఆమె అంతా విన్నది.

"ఆ ఇంకో బండిని ముందు పంపమని మీయన్న నిన్ను అడిగినాడా?"

"అడిగినాడు వదినా."