వాల్టర్ చెప్పిన షికాగో

మొన్న శనివారం, ఇంగ్లండ్‌లో మేముండే రీడింగ్ ఊళ్లో, వాన తప్పించుకుందామని పాత సామాన్లమ్మే ఒక చారిటీ షాపులో దూరాను. లోపల ఎవరో పాత రికార్డు పెట్టారు. పాట ఇంకా మొదలవలేదు. సూది కింద చిటపట మాత్రం వినిపిస్తోంది, పక్కింట్లో ఎవరో పోపులో ఆవాలు వేసినట్టు. తర్వాత ట్రంపెట్ అందుకుంది. గొడుగు మడవడం మరిచిపోయి, నీళ్లు నేలమీద కారుతుండగా అలాగే నిలబడిపోయాను. ఆ చిటపట వింటే నాకు వాల్టర్ గుర్తొస్తారు. ఆయనకు నేను చేసింది కూడా గుర్తొస్తుంది.

అనుమానించడం నా ఉద్యోగం. బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తాను. పైకప్పు కారి సోఫా పాడైందని ఎవరైనా రాస్తే, అసలు ఆ ఇంట్లో సోఫా ఉందా అన్న దగ్గర మొదలుపెడతాను. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి పోదు. పదేళ్ల కిందట మా అమ్మాయి మేఘనకు పన్నెండేళ్లప్పుడు, స్కూలు నుంచి సాక్సఫోన్ మోసుకుని వచ్చింది. "జాజ్ బ్యాండ్‌లో చేరాను. ఇట్స్ కూల్, మమ్" అంది. నాకు జాజ్ అంటే హోటల్ లిఫ్టులో వినిపించే సంగీతం. చదువు వదిలేసి దీన్నే పట్టుకుంటుందేమోనని భయం. దగ్గర్లోని కమ్యూనిటీ సెంటర్‌లో శనివారం పొద్దున జాజ్ చరిత్ర చెబుతారని నోటీసు చూసి, శత్రువు సంగతేమిటో తెలుసుకుందామన్నట్టు వెళ్లి కూర్చున్నాను.

ఆ క్లాసు చెప్పే వాల్టర్‌కు అప్పటికి డెబ్బై దాటాయి. పొడుగ్గా, సన్నగా, చామనఛాయగా ఉండేవారు. ఇస్త్రీ చొక్కా, టై లేకుండా ఎప్పుడూ రాలేదు. నేను అలవాటు కొద్దీ "సర్" అంటే, "ఇక్కడ సర్ ఎవరూ లేరు, వాల్టర్ అనండి" అన్నారు. మొదటి రోజే ఒక రికార్డు వినిపించి అడిగారు: "మొట్టమొదట జాజ్ రికార్డు చేసినవాళ్లు తెల్లవాళ్లు. అంటే ఈ సంగీతాన్ని కనిపెట్టింది వాళ్లేనా?" అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి బానిసలు ఆదివారాలు ఒక మైదానంలో చేరి డప్పులు కొట్టుకున్న సంగతి, వాళ్ల మనవలు చర్చిల్లో, సారా దుకాణాల్లో, శవయాత్రల్లో వాయించిన సంగతి అప్పుడు చెప్పారు. "వాళ్ల దగ్గరికి రికార్డింగ్ యంత్రం ఆలస్యంగా వెళ్లింది, అంతే. కాగితాల్లో ముందున్నవాడు నిజంగా ముందున్నాడని నమ్మకండి. ఎవరు చెబుతున్నారు, వాళ్లకేం లాభం అని అడగండి."

నేను నిటారుగా కూర్చున్నాను. ఇది మా ఆఫీసు భాష.

శవయాత్ర మాట రాగానే నేను ఉండబట్టలేక, మా వరంగల్ వైపు కూడా చావుకు డప్పులు కొడతారని చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "వెళ్లేటప్పుడు ఎలా కొడతారు? తిరిగొచ్చేటప్పుడు ఎలా?" చిన్నప్పుడు ఎన్నో శవయాత్రలు చూశాను, ఎన్నడూ అది గమనించలేదు. "న్యూ ఆర్లీన్స్‌లో వెళ్లేటప్పుడు నెమ్మదిగా, వచ్చేటప్పుడు చిందులేసేలా వాయిస్తారు. మీ ఊరి సంగతి కనుక్కుని చెప్పండి" అన్నారు. మా వీధిలో వినిపించిన చప్పుడు గురించి నన్ను అంత శ్రద్ధగా అడిగిన మనిషి అంతకుముందు లేడు.

వారం వారం అమెరికా ఆయన మాటల్లో వేరేగా కనిపించేది. వేదిక మీద నల్లవాళ్లు వాయిస్తుంటే, ఆ క్లబ్బులోనే నల్లవాళ్లకు కూర్చోవడానికి కుర్చీ దొరికేది కాదట. ప్రభుత్వం వాళ్లను తమ దేశంలోని స్వేచ్ఛకు సాక్ష్యంగా దేశదేశాలు తిప్పిందట. తిరిగొచ్చాక సొంత దేశంలో కొన్ని హోటళ్లు గది ఇచ్చేవి కావట. అయినా ఆ దేశం నడక, దుస్తులు, డాన్సు, మాటతీరు అన్నింట్లోకీ ఆ సంగీతం పాకింది. "మీ అమ్మాయి రోజుకు పదిసార్లు కూల్ అంటుందా? ఆ మాటను అలా ఊరూరా తిప్పింది జాజ్ వాయించేవాళ్లే" అన్నారు.

కానీ ఆయన సొంత కథ దగ్గరే నాకు లెక్క కుదరలేదు. తాను షికాగోలో పుట్టానని, నాన్న రైళ్లలో ప్రయాణికుల పనులు చూసే పోర్టరని చెప్పేవారు. పోర్టర్లు పెట్టెల అడుగున రికార్డులు దాచి ఊరూరా చేరవేసేవాళ్లట, ఆయన నాన్న ప్రతి గురువారం కొత్త రికార్డుతో ఇంటికొచ్చేవాడట. మూడో వారం ఆ గురువారం శుక్రవారమైంది. ఐదో వారం, పోర్టరు యూనిఫాం ఏ రంగని ఎవరో అడిగితే తడబడ్డారు. ఉత్సాహం వచ్చినప్పుడు ఆయన ఇంగ్లిష్‌లోంచి అమెరికా యాస జారిపోయి, అచ్చం ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యాస బయటపడేది. నేను తేదీలు వేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను.

"ఆయన అబద్ధాలు చెప్తుండు బిడ్డా" అన్నాను ఓరోజు కారులో మేఘనతో.

మేఘన కిటికీలోంచి చూస్తూ, "సో వాట్? ఈజ్ ద మ్యూజిక్ రాంగ్?" అంది.

అయినా ఆ సోమవారం సెంటర్ మేనేజర్‌కు ఈమెయిల్ రాశాను. తేదీలతో సహా. చివర నా పేరు పెట్టలేదు.

తర్వాతి శనివారం తలుపుకు క్లాసు లేదన్న కాగితం అంటించి ఉంది. పక్కన బెంచీ మీద వాల్టర్ కూర్చుని ఉన్నారు, అదే టైతో. "సెంటర్ వాళ్లు పాస్‌పోర్టు అడిగారు" అంటూ తీసి నా చేతిలో పెట్టారు. పుట్టిన ఊరు మాంచెస్టర్ అని ఉంది. ఒక్క పేజీ మీదా వేరే దేశపు ముద్ర లేదు.

"నాన్న షికాగో మనిషే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడికొచ్చిన అమెరికన్ సైనికుడు, నల్లవాడు. అమ్మ ఇక్కడి తెల్లమ్మాయి. ఒక డాన్సుహాల్లో కలిశారు. పెళ్లికి పై అధికారి ఒప్పుకోలేదట. నేను పుట్టకముందే నాన్నను ఓడెక్కించి పంపేశారు. ఒక రికార్డు, ఒక పేరు. అమ్మ నాకిచ్చింది అంతే. పోర్టరు పని సంగతి ఆయనే అమ్మకు చెప్పాడట. ఆ గురువారాలు మాత్రం నా కల్పన."

పాస్‌పోర్టు తిరిగి ఆయన చేతిలో పెట్టాను. "ఆ ఈమెయిల్ రాసింది నేనే" అన్నాను.

"తెలుసు. ఇంకెవరు రాస్తారు? తేదీలు కూడా వేశారుగా." ఆయన నవ్వలేదు. "నేను చెప్పిందే చేశారు. కానీ సగమే చేశారు. ఎవరు చెబుతున్నారని అడిగారు. నాకేం లాభమని అడిగారా?"

అడగలేదు. ఆ క్లాసుకు ఆయన ఏమీ తీసుకునేవారు కాదు. చేతినుంచి ఖర్చు పెట్టుకుని రికార్డులు కొనేవారు. శనివారం పొద్దున తండ్రి గురించి పదిమంది ముందు మాట్లాడటం తప్ప ఆయనకు వచ్చిందేమీ లేదు. ఆఫీసులో అయితే నేను ఆ ప్రశ్న వదిలిపెట్టేదాన్ని కాదు.

ఇంటికొచ్చి మేఘనకు చెప్పాను. అది చాలాసేపు సాక్సఫోన్ తుడుస్తూ కూర్చుంది. తర్వాత, "ఐ డూ దట్ టూ, అమ్మా" అంది. రెండేళ్లప్పుడు ఒక్కసారి వెళ్లొచ్చిన వరంగల్ గురించి, అక్కడి వానల గురించి, తను అక్కడే పెరిగినట్టు స్నేహితులకు చెబుతుందట. "దే లైక్ మీ బెటర్ ఫ్రమ్ సమ్‌వేర్" అంది. ఎక్కడో ఒక ఊరి నుంచి వచ్చినదాన్నంటేనే వాళ్లకు తను ఎక్కువ నచ్చుతుందట. నేను ఏ నోట్‌బుక్‌లోనూ రాసుకోని విషయం అది.

సెంటర్‌కు ఈసారి పేరు పెట్టి మళ్లీ రాశాను. వాళ్లు సరేనన్నా వాల్టర్ ఒప్పుకోలేదు. "తెలిసిపోయాక వాళ్ల ముందు నిలబడలేను" అన్నారు. ఆ క్లాసు పోయింది, పోగొట్టింది నేను. దాన్ని సరిచేయలేకపోయాను. నేనూ మేఘనా మాత్రం శనివారాలు ఆయన ఫ్లాట్‌కు వెళ్లేవాళ్లం. మేఘన వాయిస్తుంటే కళ్లు మూసుకుని వినేవారు. "ఎంత వేగంగా వాయించావన్నది కాదు. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో విన్నావా?" అని అడిగేవారు. మొదట్లో నాతో ముభావంగానే ఉన్నారు. మా వరంగల్ డప్పుల సంగతి మా మేనమామకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పిన రోజున, మొదటిసారి నాకూ టీ పెట్టి ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత ఒక చలికాలం ఆయన పోయారు. షికాగో చూడకుండానే.

ఆఫీసులో ఇప్పటికీ ప్రతి కాగితాన్నీ అనుమానిస్తాను. కాకపోతే అబద్ధం దొరకగానే నివేదిక రాయను. ముందు ఫోన్ తీసి ఆ మనిషితో మాట్లాడతాను. ఎక్కువసార్లు అది మోసమే అవుతుంది. కొన్నిసార్లు కాదు.

ఆయన బెంచీ మీద చెప్పిన రెండో కథ మీద కూడా నాకు అనుమానం లేకపోలేదు. ఒకసారి కథ కట్టినవారు ఇంకోసారి కట్టరని ఏముంది? ఆ సైనికుడి పేరు నాకు తెలుసు. పాత సైనిక జాబితాల్లో వెతకడం నాకు ఒక్క మధ్యాహ్నం పని. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేరు సగం వరకు టైప్ చేశాను. మిగతా సగం ఇంతవరకు చేయలేదు.