గోడవైపు ముడత

మా ఫర్నిచర్ షాపులో ఆమెని అందరూ పక్కలక్క అంటారు. మంచాలు బిగించడం నా పని. బిగించిన మంచానికి పక్క వేసి, చూసినవాళ్ళకి అందులో పడుకోవాలనిపించేలా చేయడం ఆమె పని. మొదట దుమ్ము తుడవడానికి చేరింది. తుడుస్తూనే దిండ్లు సర్దడం మొదలుపెట్టింది. ఆ సర్దుడు చూసి ఓనరు దుమ్ముగుడ్డ ఇంకొకరి చేతికిచ్చాడు.

ఆమెకి ఎవరూ నేర్పలేదు. దుప్పటి కొంచెం తడి మీద ఉండగానే పరిచి, మంచం మీదే ఇస్త్రీ చేస్తుంది. మూలలు కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందకి తోస్తుంది. పెద్ద దిండ్లు వెనక నిలబెట్టి, చిన్నవి ముందు వాలుస్తుంది. కాళ్ళ దగ్గర ముదురు రంగు రగ్గు ఒకటి అడ్డంగా వేస్తుంది. "రంగు కింద ఉంటే కన్ను మంచమంతా తిరిగొస్తుంది" అంటుంది. ఒక్క ముడత ఉండదు. జనం మెచ్చుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు, "ముట్టుకోవచ్చా అండీ?" అని అడిగి పక్కకి తప్పుకుంటారు. అది తన పనితనానికి గౌరవమనే అనుకునేది.

వాళ్ళ అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. జన్మంతా చాప మీద పడుకున్న మనిషి. ఇక నేల మీద పడుకోవద్దని, లేచేటప్పుడు కాలు మెలికపడితే మళ్ళీ కోయాల్సి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేనే మంచం తీసుకెళ్ళి బిగించాను. కూర్చుంటే పాదాలు నేలకి ఆనేలా ఎత్తు కూడా చూశాను. పక్కలక్క షాపులోకన్నా శ్రద్ధగా పక్క వేసింది.

అత్తగారు చేతికర్ర మీద ఆని చూసింది. "ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు అత్తయ్యా, మీకే."

"నాకా? దీని మీద పడుకుంటే ఊపిరి తీసుకోవడానికి కూడా నిన్ను అడగాలి. బాగుంది, అలాగే ఉంచు." అని చాప దులిపింది.

పక్కలక్క దిండ్లు మార్చింది, దుప్పటి రంగు మార్చింది. మంచం ఇంకా అందంగా తయారైంది, ఆవిడ ఇంకా దూరంగా జరిగింది. ఒక పొద్దున నేల మీంచి లేవబోయి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. మోకాలు వాచింది.

"అమ్మ మొండిది, వదిలెయ్" అన్నాడు భర్త.

"మోకాలు మీదైతే వదిలేసేదాన్నే" అంది పక్కలక్క.

తర్వాతి సెలవురోజు నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఒకసారి వచ్చి మంచం గోడకి జరపాలి."

నాకు అర్థం కాలేదు. షాపులో మంచం గోడకి ఆనించానంటే నా మీద విరుచుకుపడే మనిషి. చుట్టూ ఖాళీ లేకపోతే మంచం కొట్టంలో కట్టేసినట్టు ఉంటుందంటుంది. అడిగితే చెప్పింది. పొద్దున అత్తగారు గుమ్మం దగ్గర వంకరగా ఉన్న, కాళ్ళు తుడుచుకునే పట్టాని చేతికర్రతో సరిచేస్తూ కనబడిందట. నడవలేని మనిషి, అది సరిగ్గా కుదిరేదాకా అక్కడే నిలబడిందట.

మంచం జరిపాను. పక్కలక్క బిగుతు దుప్పటి తీసేసి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతది పరిచింది. నిలబెట్టిన దిండ్లన్నీ తీసి ఒక్కటే ఉంచింది. చివరికి గోడవైపు దుప్పటిని గుప్పిట్లో పట్టి నలిపి వదిలింది. ఆ చేతులు ఆ పని చేస్తుంటే చూడలేకపోయాను.

ఇద్దరం వంటింట్లో, గుమ్మంలోంచి మంచం కనబడేలా, టీ తాగుతూ కూర్చున్నాం. కర్ర టకటక వినిపించింది. ఆగింది.

"అమ్మాయ్! ఇదేనా నువ్వు షాపులో వెలగబెట్టేది?"

"చేయి ఖాళీ లేదు అత్తయ్యా, తర్వాత చూస్తా."

"తర్వాతట! ఊళ్ళోవాళ్ళ మంచాలకి ఇస్త్రీలు, ఇంట్లోదానికి ఈ అవతారం!"

కర్ర చాచి పొడిచింది, ముడత పోలేదు. వంగి చూసింది, అందలేదు. గొణుక్కుంటూ అంచు మీద కూర్చుంది, వెనక్కి జరిగింది, చేయి చాపి గోడవైపు దుప్పటి లాగింది. ఆ తర్వాత దిండు గలీబు సరిచేసింది. అరచేత్తో పరుపు నొక్కి చూసింది.

పక్కలక్క టీ గ్లాసు పట్టుకుని కదలకుండా కూర్చుంది. కాసేపటికి చూస్తే, అత్తగారు కర్రని మంచానికి ఆనించి, తను సరిచేసిన పక్క మీద కాలు చాపి పడుకుని ఉంది.

"దుప్పటి బిగుతుగా లాగకు అమ్మాయ్, కాలికి ఒత్తుకుంటుంది" అంది కళ్ళు తెరవకుండానే.

ఇప్పుడు షాపులో పక్కలక్క వేసే ప్రతి మంచానికీ ఒక మూల కొంచెం నలిగి ఉంటుంది. మొదటిరోజు ఓనరు అది చూసి, "ఏంటమ్మా ఇది?" అంటూ సరిచేయబోయి మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు వెంటనే లేవలేదు. ఆమె అప్పటికే పక్కనున్న మంచానికి దిండు వాలుస్తోంది.

ఇంట్లో చాప అటక ఎక్కింది. గోడవైపు ముడత మాత్రం రోజూ ఉంటుంది, దానికి తిట్లూ రోజూ ఉంటాయి.